ఒక్క ఆర్డరుతో విమాన పరిశ్రమ నిలబడదు

(చిన్న పరిశ్రమల యజమానులు, ఇంజినీరింగ్ విద్యార్థులు హాజరైన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సైన్యం విమానాలు అనగానే మనకి రఫేల్, సుఖోయ్, తేజస్ గుర్తొస్తాయి. రిపబ్లిక్ డే నాడు టీవీలో చూసేది వాటినే కాబట్టి అది సహజం. ఈ రోజు నేను మాట్లాడబోయేది మోత మోసే విమానాల గురించి. లద్దాఖ్‌లోని శిబిరాలకి బియ్యం, మందులు, చలిబట్టలు చేరవేసేవి అవే. వరదలొస్తే ఆహారం పొట్లాలు జారవిడిచేవి, గాయపడిన జవాన్లని ఆస్పత్రికి తెచ్చేవి అవే. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో వేవ్ ఉధృతంగా ఉన్నప్పుడు, హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఆక్సిజన్ కోసం జనం ఎంత టెన్షన్ పడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు బేగంపేట విమానాశ్రయంలో ఖాళీ ట్యాంకర్లని వైమానిక దళం పెద్ద రవాణా విమానాలు సి-17లలోకి ఎక్కించి భువనేశ్వర్ పంపారు. ఒడిశాలో ఆక్సిజన్ నింపుకుని ఆ ట్యాంకర్లు రోడ్డు మీద తిరిగొచ్చాయి. వెళ్లే దారి గాలిలో అయిపోవడం వల్ల ఎంత సమయం కలిసొచ్చిందో ఆ రోజుల్లో ఆస్పత్రుల బయట నిలబడ్డవాళ్లని అడగండి.

ఇంకో విషయం విశాఖ వాళ్లకి బాగా తెలుసు. 2016 జులై 22న చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయల్దేరిన ఎ.ఎన్-32 రవాణా విమానం బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. అందులో ఉన్న 29 మందిలో 8 మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఏళ్ల తరబడి ఆ కుటుంబాలకి ఏ ఆధారమూ దొరకలేదు. చివరికి 2024 జనవరిలో, చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, సముద్రం అడుగున ఉన్న శకలాల ఫొటోలు బయటపడ్డాయి. విమానం పాతది కాబట్టే పడిపోయిందని నేను అనను, అలా అనడానికి ఎవరికీ హక్కు లేదు. నేను చెప్పేది ఒక్కటే. రవాణా విమానం ఎక్కేవాళ్లలో యుద్ధానికి వెళ్లే సైనికులు మాత్రమే ఉండరు. డిపోలో ఉద్యోగం చేసుకునే మన పక్కింటాయన కూడా ఉంటాడు. ఆ విమానం ఎవరు చేశారు, ఎలా చేశారు, దానికి విడి భాగాలు సమయానికి దొరుకుతున్నాయా అన్నది అందరికీ పట్టాల్సిన విషయం.

ఎ.ఎన్-32లు 1980ల్లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చాయి. వాటి తయారీదారు ఉన్నది కీవ్‌లో. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక కీవ్ నుంచి విడి భాగాలు తెప్పించుకోవడం అంటే ఏమిటో మీరే ఊహించుకోండి. వాటికంటే పాతవి ఆవ్రో రవాణా విమానాలు. ఆవ్రో స్థానంలోకి వస్తున్న ఎయిర్‌బస్ సి-295 విమానం చుట్టూనే ఈ రోజు నా మాటంతా తిరుగుతుంది. దాన్ని మన దేశంలో తయారుచేస్తున్నది ప్రైవేటు కంపెనీ కాబట్టి.

అయితే ముందు కాన్పూర్ కథ చెప్పాలి. రవాణా విమానం మన దేశంలో తయారవడం ఇదే మొదటిసారి అని చాలామంది అనుకుంటున్నారు. కాదు. 1950ల చివర్లో బ్రిటన్ నుంచి హెచ్.ఎస్-748, అంటే ఆవ్రోకి లైసెన్సు తీసుకుని, కాన్పూర్‌లో వైమానిక దళం డిపోలోనే కూర్చడం మొదలుపెట్టారు. ఆ పనిని నడిపించినాయన హర్జిందర్ సింగ్. హవాయి సిపాయిగా చేరి ఎయిర్ వైస్ మార్షల్ దాకా ఎదిగిన మనిషి. ఇంజినీరింగ్ పిల్లలు ఆయన జీవితం గురించి తప్పకుండా చదవాలి. 1961 నవంబరు 1న కాన్పూర్‌లో కూర్చిన మొదటి ఆవ్రో గాల్లోకి లేచింది. వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ పేరు మీద దానికి సుబ్రతో అని పేరు పెట్టారు. తరవాత ఆ పని ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కి వెళ్లింది. మొత్తం 89 తయారయ్యాయి. 72 వైమానిక దళానికి, 17 ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి.

ఇదంతా 60 ఏళ్ల కిందటి మాట! అప్పుడే అంత చేసిన దేశం తరవాత ఏం చేసింది? ఆవ్రో ఆర్డరు అయిపోయింది. దాని మీద చేతులు తిరిగినవాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. ఆ అనుభవంతో మన సొంత రవాణా విమానం గీయమని, అందుకు డబ్బు ఇస్తామని గట్టిగా ఎవరూ అనలేదు. 1980ల్లో అదే కాన్పూర్‌లో మళ్లీ లైసెన్సు మీదే, ఈసారి జర్మన్ డోర్నియర్ 228 మొదలుపెట్టారు. అది మంచి విమానం. కోస్ట్‌గార్డ్‌కి, నేవీకి ఎంతో పనికొచ్చింది. 2022 ఏప్రిల్‌లో అలయన్స్ ఎయిర్ దాన్ని అరుణాచల్‌లో పాసీఘాట్‌కి ప్రయాణికులతో నడిపింది కూడా. కానీ డ్రాయింగు మనది కాదు. సొంతంగా గీద్దామని బెంగళూరులో ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ సరస్ అనే చిన్న విమానం చేసింది. 2009 మార్చిలో పరీక్షిస్తుండగా అది కూలి ముగ్గురు వైమానిక దళ అధికారులు చనిపోయారు. అక్కడితో ఆ పని ఏళ్ల తరబడి మూలనపడింది. చాలా దేశాలు ప్రమాదాల తరవాత కారణం కనుక్కుని, దిద్దుకుని, మళ్లీ ఎగరేశాయి. మనం ఏళ్ల తరబడి ఆపేశాం. ఆ ముగ్గురి ప్రాణాలకి విలువ ఇవ్వడం అంటే ఆ పని పూర్తి చేయడమే అని నా నమ్మకం.

కాన్పూర్‌లో పనిచేసినవాళ్లని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. వాళ్లకి పని చేతకాక ఆగిపోలేదు. ఒక ఆర్డరుకీ ఇంకో ఆర్డరుకీ మధ్య ఏళ్లు గడిచిపోవడం వల్ల ఆగిపోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ప్రైవేటు కంపెనీల సంగతి. 2001 దాకా రక్షణ తయారీ అంటే ప్రభుత్వ సంస్థలదే. ఆ ఏడాది ప్రైవేటు వాళ్లని రానిచ్చారు. 2005లో ఆఫ్‌సెట్ నిబంధన వచ్చింది. అప్పట్లో 300 కోట్లు దాటిన కొనుగోలు అయితే విదేశీ కంపెనీ అందులో 30 శాతం విలువకి సరిపడా పని మన దేశంలో చేయించాల్సి ఉండేది. ఆ నిబంధన మీద విమర్శలు చాలా ఉన్నాయి, కొన్ని నిజం కూడా. కానీ దాని వల్ల హైదరాబాద్‌కి మేలు జరిగింది. రంగారెడ్డి జిల్లా ఆదిభట్లలో టాటా వాళ్లు మొదట సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్లు చేశారు. తరవాత అమెరికా లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి సి-130జె రవాణా విమానాల తోకభాగాలు మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశానికి కొత్త సి-130జె వెళ్లినా దాని తోక ఆదిభట్లదే. 2023 నాటికే 200 తోకలు పంపారు. బోయింగ్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్ దేహాలు 2018 నుంచి అక్కడే చేస్తున్నారు. రఫేల్ దేహం కూడా హైదరాబాద్‌లో చేయడానికి 2025 జూన్‌లో దాన్ని తయారుచేసే దసో కంపెనీతో ఒప్పందం అయింది.

తోక చేయడం గొప్పేనా అని కొందరు అడుగుతుంటారు. గొప్పే. లాక్‌హీడ్ లాంటి కంపెనీ ప్రపంచం మొత్తానికి కావాల్సిన తోకలన్నీ ఒక్కచోట చేయించుకుంటోందంటే, ఆ ఊరి చేతిపనిని నమ్మి తన పేరు పణంగా పెట్టిందన్నమాట. అయితే అక్కడితో ఆగిపోతే అది ఎప్పటికీ జాబ్ వర్కే. డ్రాయింగు వాళ్లు ఇస్తారు, ఏ మెటీరియల్ వాడాలో వాళ్లే చెప్తారు, మనం చేసి పంపుతాం.

ఆవ్రోల స్థానంలో కొత్తవి కొందామని 2012లో నిర్ణయం జరిగినప్పుడు వచ్చిన మార్పు ఏమిటంటే, ఈసారి మొత్తం విమానాన్ని కూర్చే బాధ్యత ప్రైవేటు కంపెనీకే ఇవ్వాలని షరతు పెట్టారు. హెచ్‌ఏఎల్ చేతిలో అప్పటికే తలకి మించిన పని ఉంది. రెండో కేంద్రం ఒకటి తయారవ్వాలన్నది ఆలోచన. దీని మీద ప్రభుత్వంలోనే అభ్యంతరాలు వచ్చాయి. ప్రభుత్వ సంస్థల్ని పక్కన పెట్టడం ఏమిటని అడిగారు. 2013లో టెండర్ పిలిస్తే చివరికి ఎయిర్‌బస్, టాటా జోడీ ఒక్కటే బిడ్ వేసింది. ఒకే బిడ్ మీద ముందుకి వెళ్లాలా వద్దా అని మళ్లీ చర్చ. 2015 మేలో ఊ అన్నారు. బేరం, ఒప్పందం పత్రాలు పూర్తయి సంతకాలు పడేసరికి 2021 సెప్టెంబరు 24 వచ్చింది. నిర్ణయానికీ సంతకానికీ మధ్య 9 ఏళ్లు! ఆ తొమ్మిదేళ్లూ ఆవ్రోలు ఎగురుతూనే ఉన్నాయి, వాటిని నడిపే పిల్లల తల్లిదండ్రులు ఇళ్లల్లో దేవుడికి దండం పెట్టుకుంటూనే ఉన్నారు. ఈ ఆలస్యానికి ఏ ఒక్కరినీ నిందించలేం, కానీ ఇలాగే ఉంటే ఏ కంపెనీ అయినా ధైర్యంగా డబ్బు పెట్టలేదు.

ఒప్పందం విలువ సుమారు 21,935 కోట్లు. మొత్తం 56 సి-295 విమానాలు. 16 స్పెయిన్‌లోని సెవిల్ నుంచి తయారై వచ్చాయి. మొదటిది 2023 సెప్టెంబరులో మన చేతికి అందింది, పదహారోది 2025 ఆగస్టులో. మిగిలిన 40 వడోదరలో టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ తయారుచేయాలి. అక్కడి ఫ్యాక్టరీని 2024 అక్టోబరు 28న మన ప్రధాని, స్పెయిన్ ప్రధాని కలిసి ప్రారంభించారు. షెడ్యూలు ప్రకారం మొదటిది 2026 సెప్టెంబరులో, నలభయ్యోది 2031 ఆగస్టులో. వార్తల్లో వడోదర పేరే వినిపిస్తుంది కానీ, విమానంలో పెద్ద భాగాలు తయారయ్యేది మన హైదరాబాద్‌లో. ఇక్కడ చేసి అక్కడికి పంపితే, అక్కడ ఒకదానికొకటి కలిపి, పరీక్షించి, ఎగరేస్తారు.

విమానం గురించి రెండు ముక్కలు. ఇది 9 టన్నుల దాకా మోస్తుంది. 71 మంది సైనికులు కూర్చోవచ్చు, లేదా 24 స్ట్రెచర్లు పెట్టుకోవచ్చు. వెనకవైపు ర్యాంపు కిందికి దిగుతుంది, జీపు నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. మట్టి రన్‌వే మీద కూడా దిగగలదు. ఈశాన్య సరిహద్దుల్లో ఉన్న చిన్న చిన్న రన్‌వేలకి ఇలాంటిదే కావాలి.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం, ఇక్కడ జనం చాలా గందరగోళపడుతున్నారు. "96 శాతం స్వదేశీ" అని ఒకాయన వాట్సాప్‌లో పెడతాడు. "అంతా దిగుమతే, పైపై మెరుగులే" అని ఇంకొకాయన జవాబిస్తాడు. ఇద్దరిదీ సగం మాటే. రక్షణ శాఖ చెప్పిన 96 శాతం దేనికంటే, ఎయిర్‌బస్ స్పెయిన్‌లో ఒక్కో విమానం మీద తన మనుషులతో చేయించే పనిలో 96 శాతం ఇక్కడ జరుగుతుంది. అది పనిగంటల లెక్క. విలువ లెక్క వేరు. ఇంజిన్లు కెనడా ప్రాట్ అండ్ విట్నీవి, ల్యాండింగ్ గేరు, కాక్‌పిట్‌లోని ఎలక్ట్రానిక్స్ బయట నుంచి వస్తాయి. వాటిని కలుపుకుంటే స్వదేశీ వాటా ఇక్కడ చేసే మొదటి 16 విమానాల్లో 48 శాతం, తరవాతి 24లో 75 శాతం అని లక్ష్యం. 13,400 విడి భాగాలు, 4,600 ఉపభాగాలు, ఏడు ప్రధాన భాగాలు ఇక్కడే తయారవ్వాలి. శత్రువు రాడార్ తనని పసిగడితే, క్షిపణి తన మీదకి వస్తే హెచ్చరించే పరికరాలు బీఈఎల్‌వి. క్షిపణిని దారి మళ్లించే పరికరం మన హైదరాబాద్ బీడీఎల్‌ది. అంటే ప్రైవేటు కంపెనీ చేసే విమానంలో ప్రభుత్వ సంస్థల పని కూడా ఉంది. ప్రైవేటా, ప్రభుత్వమా అని టీవీ చర్చల్లో కొట్టుకునేవాళ్లు ఒకసారి ఆ ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి చూస్తే ఆ గొడవ అక్కడ కనిపించదు.

ఆ 13,400 భాగాలు ఎవరు చేస్తారు? టాటా వాళ్లు అన్నీ చేయరు, ఏ దేశంలోనూ ఏ కంపెనీ అలా చేయదు. బాలానగర్, చర్లపల్లి లాంటి చోట్ల ఉన్న మీలాంటివాళ్లు చేస్తారు. ఈ సభలో సగం మంది కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషన్లు నడిపేవాళ్లు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే కాస్త వివరంగా చెప్తాను. నేను ఉద్యోగం చేసినంతకాలం నాణ్యత విభాగంలోనే ఉన్నాను, నాకు బాగా తెలిసిన చోటు అదే.

అరచేయంత అల్యూమినియం బ్రాకెట్ తీసుకుందాం. ఆటో పార్టులు చేసే మిషన్ మీదే అది తయారైపోతుంది. కొలతలు కూడా మీకు కష్టం కాదు. తేడా ఎక్కడంటే, ఆ అల్యూమినియం ముక్క ఏ మిల్లులో, ఏ బ్యాచ్‌లో కరిగిందో చెప్పే సర్టిఫికెట్ దాని వెంటే రావాలి. మీరు దాన్ని నాలుగు ముక్కలు చేస్తే నాలుగింటికీ ఆ నంబరు వెళ్లాలి. హీట్ ట్రీట్‌మెంట్ జరిగిన ఫర్నేసులో ఏ మూల ఎంత వేడి ఉందో రికార్డు ఉండాలి. పైన అనోడైజింగ్, అంటే తుప్పుని ఆపే పొర ఎక్కించే పని, చేసిన తొట్టిలో రసాయనం గాఢత ఆ రోజు ఎంతో రాసి ఉండాలి. పగుళ్లు ఉన్నాయేమోనని రంగు ద్రవం పూసి చూసే మనిషికి ఆ పరీక్ష చేసే అర్హత పత్రం ఉండాలి, అతని కంటిచూపు పరీక్ష తేదీ దాటి ఉండకూడదు. మొదటి ముక్కని డ్రాయింగులోని ప్రతి కొలతతో సరిచూసి రిపోర్టు రాయాలి. ఇంతా అయ్యాక బ్రాకెట్ బ్రహ్మాండంగా ఉన్నా, ఒక్క కాగితం లేకపోతే అది తుక్కే. కొత్తగా వచ్చినవాళ్లకి ఇది అర్థం కాదు. "సార్, ముక్క బాగానే ఉంది కదా, కాగితం రేపు ఇస్తాం" అంటారు. ముప్పయ్యేళ్ల తరవాత ఎక్కడో ఒక విమానంలో ఆ బ్రాకెట్ పగిలితే, అదే బ్యాచ్‌లో చేసినవి ఇంకా ఏ ఏ విమానాల్లో ఉన్నాయో గంటల్లో చెప్పగలగాలి. ఆ కాగితం అందుకోసం.

కూర్చే చోట ఇంకో రకం క్రమశిక్షణ. రెక్కలో, దేహంలో వేల రంధ్రాలు వేసి రివెట్లు బిగిస్తారు. ప్రయాణంలో క్యాబిన్ లోపల గాలి ఒత్తిడి పెంచుతారు కాబట్టి, ఎగిరిన ప్రతిసారీ విమానం దేహం కాస్త ఉబ్బుతుంది, దిగాక మామూలవుతుంది. ఇలా వేలసార్లు జరిగితే పగులు మొదలయ్యేది రంధ్రం అంచు దగ్గరే. అందుకే రంధ్రం వేశాక అంచున మిగిలిన లోహపు గరుకు తీసేయడం, డీబరింగ్ అంటారు, అది చిన్న పని అనుకోకూడదు. పనిముట్ల పెట్టెలో ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గూడు ఉంటుంది. షిఫ్టు అయ్యేసరికి ఒక్క గూడు ఖాళీగా ఉన్నా ఎవరూ ఇంటికి వెళ్లరు. నేను పనిచేసిన ఒకచోట విరిగిన డ్రిల్ బిట్ కొన ఒకటి కనపడలేదు. గోరంత ముక్క. అర్ధరాత్రి దాటేదాకా టార్చిలు, అద్దాలు పట్టుకుని ఆ భాగం లోపల వెతికారు. బిట్ వాడిన కుర్రాడు తనంతట తానే వచ్చి చెప్పాడు. వాళ్ల సూపర్‌వైజరు అతన్ని ఒక్క మాట అనలేదు. పొద్దున అందరి ముందూ, దాచకుండా చెప్పినందుకు మెచ్చుకున్నాడు. ఆ కుర్రాడిని తిట్టి ఉంటే తరవాత ఎవరూ నోరు విప్పరు. విమానాల ఫ్యాక్టరీలో మిషన్ల కంటే ముందు తయారు కావాల్సింది ఈ నమ్మకం. దాన్ని ఎయిర్‌బస్ నుంచి కొనుక్కోలేం. ఏళ్ల తరబడి పని నడుస్తూ ఉంటేనే వస్తుంది.

చిన్న పరిశ్రమలకి ఉన్న అసలు కష్టం డబ్బు. ఏరోస్పేస్ నాణ్యత సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి ఖర్చు, దాన్ని నిలబెట్టుకోవడానికి ఏటా ఖర్చు. విమానాలకి పనికొచ్చే అల్యూమినియం ఎక్కువగా బయట నుంచే తెప్పించుకోవాలి, కొంచెం కావాలంటే ఇవ్వరు, ఎక్కువ కొని గోడౌన్‌లో పెట్టుకోవాలి. మొదటి ముక్క పాసవ్వడానికి నెలలు. బిల్లు చేతికి రావడానికి ఇంకొన్ని నెలలు. బ్యాంకు వడ్డీ మాత్రం నెల తిరిగేసరికి వచ్చి కూర్చుంటుంది. ఒక యజమాని నాతో అన్నాడు, "సార్, క్వాలిటీకి భయపడను, కానీ ఐదేళ్ల తరవాత ఈ పార్టు ఎవరికి కావాలో చెప్పండి." నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగిందే ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రశ్న.

40 విమానాలు అంటే పెద్ద సంఖ్యలా వినిపిస్తుంది. 2026 నుంచి 2031 దాకా, ఐదేళ్ల పని. ఆ తరవాత? పెద్ద కంపెనీ తన మనుషుల్ని ఇంకో లైనుకి మార్చుకుంటుంది. చర్లపల్లిలో ఆ ఒక్క భాగం కోసమే మిషన్ కొన్నవాడు ఎక్కడికి పోతాడు? ప్రభుత్వ సంస్థ అయితే పని లేకపోయినా కొన్నాళ్లు జీతాలిచ్చి మనుషుల్ని నిలుపుకుంటుంది. ప్రైవేటు కంపెనీ అలా చేయలేదు, చేయమని అడగడం న్యాయం కూడా కాదు. కాన్పూర్‌లో ఖాళీ వచ్చినప్పుడు పని మెల్లగా ఆరిపోయింది. ఇక్కడ ఖాళీ వస్తే రెండు మూడు బ్యాలెన్స్ షీట్లలోనే ఆరిపోతుంది. కాబట్టి ప్రైవేటు కంపెనీల్ని ఈ రంగంలోకి తెచ్చినవాళ్ల మీద ఒక బాధ్యత ఉంది. ఈ ఆర్డరు అయిపోకముందే తరవాతిది చేతిలో పెట్టాలి.

అలాంటి దారులు లేకపోలేదు. ఇదే విమానాన్ని సముద్రం మీద నిఘా పెట్టేలా మార్చి, నేవీకి 9, కోస్ట్‌గార్డ్‌కి 6 తీసుకోవాలన్న ప్రతిపాదనకి 2024 ఫిబ్రవరిలో తొలి ఆమోదం దొరికింది. ఎ.ఎన్-32ల స్థానంలో ఇంకాస్త పెద్ద విమానం, 18 నుంచి 30 టన్నులు మోసేది, కావాలని వైమానిక దళం 2022 చివర్లోనే కంపెనీల నుంచి వివరాలు అడిగింది. దాని కోసం బ్రెజిల్ ఎంబ్రాయర్ మహీంద్రాతో, లాక్‌హీడ్ టాటాతో చేయి కలిపాయి. ఎయిర్‌బస్ ఎ400ఎం కూడా వరసలో ఉంది. ఎవరు గెలిచినా నాకు ఒకటే. కానీ ఇది కూడా ఆవ్రో బేరంలా సాగితే, నిర్ణయం వచ్చేసరికి వడోదరలో, ఆదిభట్లలో పని నేర్చినవాళ్లు వేరే ఉద్యోగాలు చూసుకుని ఉంటారు.

ఎంబ్రాయర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1969లో బ్రెజిల్ ప్రభుత్వం పెట్టిన కంపెనీ అది. 1994లో ప్రైవేటు చేతికి వెళ్లింది. చాలామంది కథని అక్కడితో ఆపి, చూశారా, ప్రైవేటుకి ఇచ్చారు, బాగుపడింది అంటారు. అసలు విషయం ఆ తరవాత ఉంది. కంపెనీ ప్రైవేటుది అయ్యాక కూడా సి-390 రవాణా విమానానికి డిజైన్ ఖర్చు పెట్టింది, మొదటి ఆర్డరు ఇచ్చింది బ్రెజిల్ వైమానిక దళమే. 2015లో అది మొదటిసారి ఎగిరింది. ఇవాళ దాన్ని యూరప్ దేశాలు కొంటున్నాయి. మనకంటే జనాభాలో ఎంతో చిన్న దేశం. దేశం డబ్బు, కంపెనీ పనితనం, ఏ ఒక్కటీ రెండో దాన్ని వదిలి వెళ్లిపోలేదు.

డిజైన్ మనది కాకపోతే ఏమవుతుందో చిన్న ఉదాహరణతో చెప్తాను. రేపు మన వైమానిక దళం సి-295 వీపు మీద మన దేశంలో చేసిన కొత్త యాంటెన్నా పెట్టాలనుకుంది అనుకుందాం. అందుకు దేహానికి రంధ్రం చేయాలి. ఆ చోట రేకు ఎంత బలం మోస్తుందో, ఎంత బలపరచాలో చెప్పే లెక్కలు డిజైన్ చేసినవాడి దగ్గరే ఉంటాయి. 40 విమానాలు మన చేత్తో చేసినా, ఆ ఒక్క రంధ్రానికి అనుమతి కోసం బయటికి రాయాలి. వాళ్లు ఎంత అడిగితే అంత ఇవ్వాలి, ఎప్పుడు ఇస్తే అప్పుడు తీసుకోవాలి. కాబట్టి తరవాతి ఒప్పందంలో ఎన్ని విమానాలు ఇక్కడ కూరుస్తారు అన్నదానికంటే, మార్పులు చేసే అధికారం, పరీక్షల వివరాలు మన ఇంజినీర్లకి ఎంత ఇస్తారు అన్నదే గట్టిగా బేరమాడాలి. మన ప్రైవేటు కంపెనీలు కూడా, నిజం చెప్పాలంటే, ఇంతవరకు డిజైన్ మీద పెట్టిన డబ్బు తక్కువ. చేసిన పనికి డబ్బు వెంటనే వస్తుంది. డిజైన్‌కి పదిహేనేళ్లు పట్టొచ్చు, రాకపోవచ్చు కూడా. ప్రభుత్వం సగం భారం మోస్తేనే వాళ్లు దిగుతారు. దిగమని అడిగే హక్కు కూడా అప్పుడే మనకి వస్తుంది.

విద్యార్థులకి ఒక్క మాట. మీలో చాలామంది ఏరోనాటికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోతున్నారు. మీ తప్పేం లేదు, జీతాలు అక్కడున్నాయి. కానీ ఈ రంగంలో ఇప్పుడు మనుషులు దొరకని ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి. పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే పరీక్షలు చేసేవాళ్లు, కాంపోజిట్ మరమ్మతులు తెలిసినవాళ్లు, విమానం ఎగరడానికి పనికొస్తుందని లెక్కలతో నిరూపించే ఇంజినీర్లు. ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్లకి కూడా ఇందులో చోటుంది. రివెట్ బిగించే చేతికి ఈ పరిశ్రమలో ఉన్న గౌరవం బయట చాలామందికి తెలియదు.

యజమానులకి నా సలహా, మొదటి రోజే సి-295 పార్టు కోసం వెళ్లకండి. ముందు నాణ్యత సర్టిఫికెట్, తరవాత ఆదిభట్లలో ఉన్న కంపెనీలకి పనిముట్లు, పార్టుని కదలకుండా పట్టి ఉంచే జిగ్గులు, ఫిక్స్చర్లు చేయండి. అక్కడ రిస్కు తక్కువ, వాళ్ల పద్ధతి తెలుస్తుంది, వాళ్లకి మీ మీద నమ్మకం కుదురుతుంది. ఒక్క విమానం మీదే ఆధారపడకండి, హెలికాప్టరు, ఇంజిను, ప్రయాణికుల విమానాల పార్టులు కూడా కలుపుకోండి. నలుగురు కలిసి హీట్ ట్రీట్‌మెంట్, అనోడైజింగ్ ఒకేచోట పెట్టుకోగలిగితే ఖర్చు పంచుకోవచ్చు. అలాంటి ఉమ్మడి కేంద్రం కోసం స్థలం, విద్యుత్ రాయితీ అడగాలనుకుంటే అర్జీ రాయడంలో నేను సాయం చేస్తాను.

సమయం చాలా తీసుకున్నాను. ముందు వరసలో ఇద్దరు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. మొదట మీరు అడగండమ్మా.